అమ్మ చేసేది "పని" అట, "సేవ" కాదట. మీ సంఘాల్లో ఏమంటారు?

మర్రిపాలెం_రూతు
మా అమ్మకి 58 ఏళ్ళు. పగలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. 17 ఏళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం మా చర్చి మందిరం ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చాపలు దులిపి వస్తుంది. ఆదివారం పొద్దున్న ఆరింటికే వెళ్ళి తాళం తీసి కుర్చీలు వేస్తుంది. ప్రభు బల్ల (అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉన్న రోజు ఆ చిన్న గ్లాసులు కడిగేదీ తనే.

మొన్న సంఘ వార్షికోత్సవం జరిగింది. "సేవలో ఉన్నవారికి సన్మానం" అన్నారు. పాటలు పాడేవాళ్ళు, కీబోర్డు వాయించేవాళ్ళు, సండే స్కూల్ టీచర్లు, లైవ్ పెట్టే కుర్రాళ్ళు, అందరికీ శాలువాలు కప్పారు. మంచిదే, వాళ్ళూ కష్టపడతారు. అమ్మ పేరు మాత్రం పిలవలేదు. ఆ టైముకి తను వెనకాల భోజనాల దగ్గర విస్తర్లు తీస్తోంది. నేనుండబట్టలేక ఒక పెద్దాయన్ని అడిగేశాను. "అది పని అమ్మా, సేవ వేరు. అయినా క్రియల వల్ల రక్షణ లేదు కదా, పేరు కోసం చూడకూడదు" అన్నారు. మనం చేసే పనుల వల్ల కాదు, దేవుని కృప వల్లే రక్షణ అని ఆయన ఉద్దేశం.

ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మేమో "ఊరుకోవే, ఈ ఎండల్లో శాలువా నేనేం చేసుకోను" అంది.

నా బాధ శాలువా గురించి కాదు, ఆ మాట గురించి. బైబిల్లో నిజంగా పని వేరు, సేవ వేరా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం_జాన్
మా దగ్గరా ఇదే తంతు. మైకు ముట్టుకున్నవాడిది సేవ, చీపురు ముట్టుకున్నవాడిది పని. అమ్మగారికి నా తరఫున చెయ్యెత్తి నమస్కారం.

ఎఫెసీ_2_8
పెద్దాయన చెప్పిన తీరు బాగోలేదు, ఒప్పుకుంటాను. చెప్పిన విషయం మాత్రం వాక్యమే. "అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." మనం చేసినదానికి లెక్క రాసుకోవడం మొదలుపెడితే అది విశ్వాసం కాదు, బేరం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కూడా ప్రభువే చెప్పారు. అమ్మగారికి ఆ సంగతి తెలుసు కాబట్టే శాలువా వద్దన్నారు. రూతు గారే నేర్చుకోవాలేమో.

మర్రిపాలెం_రూతు
@ఎఫెసీ_2_8 అమ్మ లెక్క రాసుకోలేదండీ. లెక్క రాసి శాలువాలు పంచింది సంఘం. పంచితే అందరికీ పంచాలి, లేకపోతే ఎవరికీ వద్దు.

ఉక్కునగరం_దావీదు
కరెక్ట్ మాట తల్లీ.

సీతమ్మధార_థామస్
నేను వేదాంత కళాశాలలో మూడేళ్ళు చదివాను. కాపరిని (పాస్టర్ని) కాదు, ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం. నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటిది. @ఎఫెసీ_2_8 అన్నా, మీ పేరులోనే వాక్యం పెట్టుకున్నారు కదా, ఇంకో రెండు వచనాలు ముందుకెళ్ళండి. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం పదో వచనంలో "సత్‌క్రియలు చేయుటకై" మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామని ఉంది. పని చేసినందుకు కృప రాలేదు, నిజమే. కృప వచ్చింది పని చేయడానికే. మా ఇళ్ళల్లో ఎనిమిది, తొమ్మిది వచనాలు ఫ్రేము కట్టించి గోడకి పెడతారు. పదోది పెట్టినవాళ్ళని నేనైతే చూడలేదు.

ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1522లో, క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికని గడ్డి పత్రిక అన్నాడని చాలామంది పట్టుకుంటారు. ఆయనే ఆ ఏడాదే రోమా పత్రికకి రాసిన పీఠికలో, విశ్వాసం ఊరికే కూర్చునేది కాదనీ, మంచి పని చెయ్యాలా వద్దా అని అడిగేలోపే చేసేసి ఉంటుందనీ రాశాడు. దాన్ని ఎవరూ ఎత్తరు.

రెండోది, రూతు గారి అసలు ప్రశ్న. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తియ్యండి. మొదటి సంఘంలో విధవరాళ్ళకి భోజనం సరిగ్గా అందడం లేదని గొడవ వచ్చింది. మన తెలుగులో రెండో వచనంలో "ఆహారము పంచిపెట్టుట" అనీ, నాలుగో వచనంలో "వాక్యపరిచర్య" అనీ వేర్వేరు మాటలు పడ్డాయి. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకే మూలం నుంచి వచ్చిన మాట, దియకోనియ (రెండో వచనంలో దాని క్రియారూపం). బల్లల దగ్గర వడ్డించేదీ దియకోనియే, వాక్యం చెప్పేదీ దియకోనియే. మనకి అనువాదంలో ఒకటి పని అయింది, ఇంకోటి పరిచర్య అయింది. ఆ వడ్డన కోసం ఏర్పరచిన ఏడుగురిలో మొదటి పేరు స్తెఫను. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటి హతసాక్షి ఆయనే.

మీ పెద్దాయనకి ఈ ఒక్క అధ్యాయం చూపించండి, చాలు.

కంచరపాలెం_జాన్
థామస్ గారూ, పదో వచనం ఫ్రేము ఎక్కడ కట్టిస్తారో చెప్పండి, మొదటి ఆర్డరు నాదే.

ఎఫెసీ_2_8
థామస్ గారు చెప్పింది కాదనను. కానీ మార్త సంగతేంటి? ప్రభువు ఇంటికొస్తే ఆమె పని పెట్టుకుంది, ఆమె సహోదరి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుంది. ఉత్తమమైనది ఎవరు ఏర్పరచుకున్నారో ప్రభువే చెప్పారు కదా.

బేతనియ_సిస్టర్
ఈ మార్త మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఏమనుకోకండి. మా స్త్రీల సమాజంలో ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. పొద్దున్న నుంచి పొయ్యి దగ్గర నిలబడి ప్రేమవిందుకి నూట యాభై మందికి వండాక, తిన్నవాళ్ళే లేచి "మార్తలా ఉండొద్దు" అని ప్రసంగం చెప్తారు.

ప్రభువు మార్తతో ఏమన్నారు? "విచారము కలిగి తొందరపడుచున్నావు" అన్నారు. వంట ఆపెయ్యమనలేదు. యోహాను 11లో సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు ఎదురెళ్ళింది మార్త. "నీవు లోకమునకు రావలసిన దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముచున్నాను" అని ఒప్పుకున్నది మార్త. పేతురు ఒప్పుకోలు గురించి ఎన్ని ప్రసంగాలు విన్నాను! మార్త ఒప్పుకోలు గురించి ఒక్కటి కూడా వినలేదు. ఆ తర్వాత అధ్యాయంలో మళ్ళీ విందు, మళ్ళీ మార్తే వడ్డిస్తోంది. ఈసారి ప్రభువు ఆమెని ఏమీ అనలేదు. విచారం పోయింది, పని ఉంది.

మర్రిపాలెం_రూతు
సిస్టర్ గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

జ్ఞానాపురం_ఆంథోనీ
మేం కతోలికులం. మమ్మల్ని చూస్తే "మీరు క్రియల వల్ల రక్షణ అంటారు" అని ఇంకా దెప్పుతుంటారు, అందుకని చెప్తున్నాను. 1999 అక్టోబరు 31న జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులూ లూథరన్లూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మన పుణ్యం చూసి కాదు, కృప చేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే మనల్ని మంచి పనులకి సిద్ధం చేస్తుందనీ దాంట్లో ఉంది. 2006లో మెథడిస్టులూ చేరారు. నాలుగు వందల ఏళ్ళకి పైగా కొట్టుకున్నవాళ్ళే కలిశారు, మనం ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టడం ఎందుకు.

మా మరియమాత కొండగుడి పండగకి వచ్చినవాళ్ళకి తెలుసు, జనం దిగిపోయాక మెట్ల మీద ఎన్ని కొవ్వొత్తులు కరిగి ఉంటాయో. ఆ మైనం గోకే కుర్రాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. రేకుముక్కతో ఒక్కో మెట్టూ గోకాలి. గోళ్ళ సందుల్లో మైనం రెండ్రోజులు పోదు.

నైట్‌షిఫ్ట్_నర్సు
నాదీ రూతు కేసే, కొంచెం వేరేగా. నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ పడుతుంది. మా పాత సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే "ముందు లోక సంబంధమైన పని తగ్గించుకో సిస్టర్" అన్నారు. సంఘం మారిపోయాను.

గత నెల ఒక పెద్దాయన, పక్షవాతం, వీపంతా పుండ్లు. తెల్లవారి మూడింటికి నేనూ వార్డు ఆయమ్మా ఇద్దరం కలిసి పక్కకి తిప్పుతున్నాం. ఒకరు భుజం, ఒకరు తుంటి. ఆయమ్మ "తాతా, ఒక్క నిమిషం, అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది, తిప్పడం ఇంకా మొదలే పెట్టలేదు. దుప్పటి మార్చాం, పొడిగుడ్డతో అద్దాం. ఆయన మాట్లాడలేడు. ఆయమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మిగతా పనంతా ఆమె ఒంటిచేత్తో చేసింది.

మత్తయి 25లో "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి" అన్నమాట ఎవరి గురించో నాకు ఆ రాత్రి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొలొస్సయి 3:23 కూడా నేను మా డ్యూటీ గదిలో అంటించుకున్నాను. ఏం చేసినా ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా.

కీబోర్డు_కిరణ్
అందరూ చెప్పేది విన్నాక నేనొక వేరే మాట చెప్పాలి, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

రూతు గారి అమ్మగారి దాన్ని "పని" అన్నందుకు మీరు బాధపడుతున్నారు. నా దాన్ని "సేవ" అని పిలిచారు, నేను మునిగిపోయాను. 19 ఏళ్ళకి ఒక పెద్ద పరిచర్యలో చేరాను. కీబోర్డు వాయించడం, ఎడిటింగు, సౌండు బాక్సులు మొయ్యడం, వ్యాను తోలడం. ఆరేళ్ళు. నెలకి ఇంత అని ఒక్కనాడూ లేదు. అడిగితే "సేవకి జీతం అడుగుతావా తమ్ముడూ, పరలోకంలో బహుమానం ఉంది" అనేవారు. మా నాన్నకి ఆపరేషన్ అప్పుడు పదివేలు అప్పు అడిగితే ప్రార్థన చేసి పంపించారు.

@నైట్‌షిఫ్ట్_నర్సు అక్కా, కొలొస్సయి 3:23 నాకూ చాలాసార్లు చదివి వినిపించారు. దాని ముందు వచనం దాసులకి రాసింది. నాలుగో అధ్యాయం మొదటి వచనం యజమానులకి, న్యాయమైనదీ ధర్మమైనదీ మీ దాసులకి చెయ్యండి, మీకూ పరలోకంలో యజమానుడున్నాడు అని. అది మాత్రం నాకెవరూ చదివి వినిపించలేదు. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అని పౌలు తిమోతికి రాశాడు. చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోందని యాకోబు రాశాడు. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబే.

అందుకే కొన్నిటిని పని అనే పిలవండి. పని అంటే కూలి ఉంటుంది, సెలవు ఉంటుంది.

ఉక్కునగరం_దావీదు
తమ్ముడూ కిరణ్, చదువుతుంటే మనసు కలుక్కుమంది. ఇప్పుడెక్కడ చేస్తున్నావు?

కీబోర్డు_కిరణ్
పెళ్ళిళ్ళకి సౌండు పెడుతున్నానన్నా. సొంత సెట్టు కొనుక్కున్నాను. ఆదివారం మా వీధి చివర చిన్న సంఘంలో వాయిస్తాను, ఇష్టంగా. వాళ్ళు ఆటో డబ్బులిస్తారు, నేను తీసుకుంటాను.

నైట్‌షిఫ్ట్_నర్సు
కిరణ్, నువ్వు చెప్పింది నిజం. మా ఆయమ్మకి ఏజెన్సీ వాళ్ళు రెండు నెలల జీతం ఆపారు. నేను ఆమెని పొగిడాను కానీ జీతం గురించి ఎప్పుడూ అడగలేదు. రేపు వెళ్ళి అడుగుతాను.

ఉక్కునగరం_దావీదు
ఆదివారం డ్యూటీ గురించి ఒక మాట. బ్లాస్ట్ ఫర్నేసుకి ఆదివారం తెలీదు. దాన్ని ఆపి గుడికెళ్ళొస్తాం అంటే లోపల ఇనుము గడ్డకడుతుంది. పొద్దుటి షిఫ్టు దిగి చెమట బట్టలతో సాయంత్రం ఆరాధనకి వెళ్తే వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. మా అప్పటి కాపరి ఒకాయన నన్ను ముందుకి పిలిచి "ఆరు దినములు కష్టపడి నీ పనియంతయు చేయవలెను అన్నది కూడా ఆజ్ఞే, ఏడో రోజు విశ్రాంతి ఒక్కటే ఆజ్ఞ కాదు" అన్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటకి ఆ రోజు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జాలరిపేట_పేతురు
నాకు గ్రీకు తెలవదు. ఏట సంగతి తెలుసు, అది సెప్తాను.

లూకా అయిదో అద్దాయంలో సీమోను పేతురు "రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు" అన్నాడు గదా. అందరూ తరవాత పడిన సేపల గురించే సెప్తారు. ప్రభువు ఒచ్చినప్పుడు ఆళ్ళు ఏటి సేత్తన్నారు? వలలు కడుగుతన్నారు. ఒక్క సేప పడనేదు, అయినా వల కడగాల. నాచు తియ్యాల, తెగిన కన్ను కుట్టాల. కడక్కుండా పడేత్తే రేపటికి పనికిరాదు. ఇంట్లో బియ్యం నేవు, ఒళ్ళు నొప్పులు, నిద్ర, అయినా ఒడ్డున కూసుని కడుగుతాం. ఆ కడుగుతన్న సోటికే ప్రభువు ఒచ్చాడు.

ఇంకోటి. తిరిగి లేచిన తరవాత ఒడ్డున నిప్పులేసి సేపలు కాల్చి "రండి భోజనము చేయుడి" అని పిలిచింది ఎవరు? మరణాన్ని గెలిచినోడు పొద్దున్నే లేచి వంట సేశాడు. మీ అమ్మ సేసేది పని అంటే ఆయన సేసిందీ పనే తల్లీ.

బేతనియ_సిస్టర్
పేతురు అన్నా, ఈ ఆదివారం మా స్త్రీల సమాజంలో ఈ మాట మీ పేరు చెప్పి చెప్తాను.

జాలరిపేట_పేతురు
సెప్పండమ్మా. వేట నిషేదం ఉంది, జూన్ 14 దాకా ఇంటికాడే. కావాలంటే నానే ఒచ్చి సెప్తాను.

ఆటో_కాపరి
పెందుర్తి అవతల చిన్న సంఘం మాది, ముప్పై కుటుంబాలు. కానుకల మీద బతకడం కష్టం, వాళ్ళకే లేదు. అందుకని పగలు ఆటో తోలతాను. మొదట్లో తోటి సేవకులే "దైవసేవకుడివై ఉండి ఖాకీ చొక్కా వేసుకుంటావా" అన్నారు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు, అకుల ప్రిస్కిల్లలతో కలిసి. ఎఫెసు పెద్దల దగ్గర వీడ్కోలు తీసుకుంటూ "ఈ చేతులు" నా అవసరాలకీ, నాతో ఉన్నవాళ్ళ అవసరాలకీ పనిచేశాయని చెప్పాడు. చేతులు చూపించే ఉంటాడనుకుంటాను.

నేను కాపరిగా ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. "సేవ" అన్న మాటని మేమే మా దగ్గర పెట్టుకున్నాం. రూతు అమ్మా, ఆ పెద్దాయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

పాత_పోస్టాఫీసు
మన ఊరి సంగతి ఒకటి కలపనివ్వండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో పోయాడు. పని సగంలోనే ఉంది. తర్వాత వచ్చిన ప్రిచెట్ కూర్చుని కొత్త నిబంధన పూర్తిచేస్తే 1818లో అచ్చయింది. మొదలుపెట్టిన ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. అక్షరం అక్షరం ఈ ఊళ్ళో కూర్చుని నేర్చుకున్నవాళ్ళు.

ఎఫెసీ_2_8
నేను పైన రాసింది మళ్ళీ చదువుకున్నాను. రూతు గారే నేర్చుకోవాలి అన్న మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. కానీ నా భయం ఒకటుంది, అది నిజమే. మా నాన్న జీవితాంతం దేవుడికి ఇంకా సరిపోలేదు, ఇంకా చెయ్యాలి అని ఉపవాసాలుండి, పరిచర్య అని తిరిగి, చివర్లో మంచం మీద "నేను చేసింది చాలుతుందంటావా" అని అడుగుతూ పోయారు. అందుకే నేను కృప, కృప అంటాను. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట కథలో రోజంతా చేసినవాడికిచ్చిన దేనారమే ఒక్క గంట చేసినవాడికీ ఇచ్చాడు యజమాని. కష్టం కొలిచి ఇవ్వలేదు.

మేస్త్రి_అప్పలరాజు
బ్రదర్, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఆ ద్రాక్షతోట గురించి నేను చెప్పగలను, ఎందుకంటే నేను రోజూ అడ్డా మీదే జనాన్ని ఎక్కించుకుంటాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు పొద్దున్న ఆరింటికే క్యారేజీ, పార, గమేళా పట్టుకుని నిలబడతారు. బండి ఆగితే ఇరవైమంది చుట్టుముడతారు. ముందు కుర్రాళ్ళని తీసుకుంటాం. నేనూ అలాగే చేస్తాను, అబద్ధం చెప్పను. తొమ్మిదిన్నర దాటితే ఇంక ఎవరూ రారు. అప్పటికీ నలుగురైదుగురు ముసలాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఇంటికెళ్తే ఏం చెప్పాలో తెలీక.

పదకొండో గంట అంటే మన సాయంత్రం అయిదు. అప్పటిదాకా అక్కడే ఉన్నవాళ్ళని "ఎందుకు ఊరికే నిలిచియున్నారు" అంటే ఏం చెప్పారు? "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." వాళ్ళు సోమరులు కారు. పొద్దున్నుంచీ ఎదురుచూశారు. ఆ ఎదురుచూపూ కష్టమే, అడ్డా మీద నిలబడినవాడికి తెలుస్తుంది. దేనారం అంటే ఒక రోజు కూలి. గంట చేసినవాడి ఇంట్లో కూడా అన్నం కుండ అంతే ఉంటుంది కదా. యజమాని అది చూశాడు. కష్టానికి విలువ లేదని నేననుకోను. చూడాల్సినవాడు చూశాడు అనుకుంటాను. మీ నాన్నగారిదీ చూసే ఉంటాడు బ్రదర్.

ఎఫెసీ_2_8
మేస్త్రి గారూ, థాంక్స్. ఇంతకంటే ఏం రాయలేను.

కంచరపాలెం_జాన్
హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. మా మందిరం రేకులు మొత్తం లేచిపోయాయి. సోమవారం పొద్దున్న కరెంటు లేదు, నీళ్ళు లేవు, రోడ్డు నిండా చెట్లు. స్టేజీ మీద ఉండేవాళ్ళం అందరం ఎలా ఉందో చూద్దామని వెళ్ళి చూసి, ఫొటోలు తీసుకుని వచ్చాం. నేనూ అందులో ఉన్నాను. మళ్ళీ సాయంత్రం వెళ్తే లోపల నీళ్ళన్నీ తోడేసి ఉన్నాయి, తడిసిన బైబిళ్ళు ఒక్కొక్క పేజీ విడదీసి ఎండకి పెట్టి ఉన్నాయి. చేసింది మా వాచ్‌మన్ భార్య. ఆమె ఇంటి పైకప్పు కూడా లేచిపోయింది. ముందు ఇక్కడికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె పేరు మా సంఘంలో ఎవరైనా స్టేజీ మీద అన్నారా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నేను కూడా అనలేదు.

మర్రిపాలెం_రూతు
ఆలస్యంగా రాస్తున్నాను. నిన్న శనివారం మొదటిసారి అమ్మతో వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు, నాకు ఎప్పుడూ ఏదో ఒక పని.

అమ్మ ముందు చెప్పులు బయట విడిచి కొబ్బరి ఈనెల చీపురు గుమ్మం మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర నుంచి గుమ్మం వైపు ఊడవాలట. మూలల్లో కూర్చుని ఊడుస్తుంది, వంగి కాదు, మోకాళ్ళ నొప్పి. చాపలు దులిపేటప్పుడు ఒక చాప వేరే పెట్టింది. ఎందుకంటే "అది మేరమ్మది, పాపం ఆవిడకి నడుము, మెత్తగా ఉంటుంది, ఫ్యాను కింద వెయ్యాలి" అంది. కుర్చీలు ఒక్కోటీ చేత్తో నొక్కి చూసింది. కాలు విరిగింది ఒకటి దొరికితే గోడకి తిప్పి పెట్టింది, ఎవరూ కూర్చోకుండా. వాక్యం చెప్పే చోట నీళ్ళ గ్లాసు బోర్లించింది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు" అంటే "ఎవరు చెప్తారు, వచ్చేవాళ్ళు తెలుసు కదా" అంది.

పెద్దాయన కూడా వచ్చారు, లెక్కల పుస్తకం కోసం. అపొస్తలుల కార్యాలు ఆరు చూపిద్దామని ఫోన్‌లో తెరిచి పెట్టుకున్నాను. ఆయన గుమ్మం దగ్గర తడి చూసి ఆగి, చెప్పులు విప్పి, ఆరేదాకా బయటే నిలబడ్డారు. నేను చూపించలేదు. వచ్చేవారం చూపిస్తాను.

కిరణ్ చెప్పింది కూడా అడిగాను. అమ్మకి మందిరంలో డబ్బు వద్దట. ఆసుపత్రిలో మాత్రం రెండేళ్ళుగా పెంచలేదు, అది కావాలంది. దాని గురించి ఎవరినైనా కలవాలంటే ఎలా?

ఉక్కునగరం_దావీదు
జీతం సంగతి నాకు మెసేజ్ పెట్టు తల్లీ. మా యూనియన్‌లో చేసిన ఒకాయన ఉన్నారు, కాగితాలు చూస్తారు.

కీబోర్డు_కిరణ్
ఆ విరిగిన కుర్చీ అలాగే ఉంచండి. నా దగ్గర స్క్రూలు, డ్రిల్లు ఉన్నాయి. శనివారం ఎన్నింటికి వెళ్తారు?

మర్రిపాలెం_రూతు
నాలుగున్నరకి. అమ్మ టీ కూడా పెడుతుంది.

కంచరపాలెం_జాన్
నేనూ వస్తాను. చీపురు నేనే తెచ్చుకుంటాను.